ఉత్త చేతులతో కొండకు

పావగడ కొండ కింద పుట్టిన మాకు కొండెక్కడం గొప్పేమీ కాదు. మా అమ్మ బిందె లేకుండా ఎక్కడమే గొప్ప.

ఎనభైల నాటి ఆ కరువులో అమ్మ నడకంతా నీళ్ల కోసమే. తెల్లారితే బోరింగు, అది ఎండితే తోట బావి, అదీ ఎండితే ఇంకెక్కడో. ఏడాదికి ఒక్కసారి మాత్రం, శెనక్కాయ పీకుడు అయిపోయి నాలుగు వానలు పడ్డాక, నాయన మమ్మల్ని కొండమీది దొనకు తీసుకుపోయేవాడు. దొన అంటే రాతిలో దానంతటదే ఏర్పడిన పెద్ద గుంట. కింద చెరువు నెర్రెలిచ్చినా పైన దొనలో నీళ్లు నిలిచేవి. ఆ ఒక్క రోజు కోసం అమ్మ ఎంత కాచుకునేదో నాకు తెలుసు.

ఆ ఏడు గడప దాటుతుంటే మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, అమ్మ చంకకు బిందె తగిలించింది.

"నీళ్ల కాడికే పోతాండారు గదా. ఉత్త చేతులతో పొయ్యొస్తే ఏమొస్తాది? నింపుకోని రా."

అమ్మ బిందె సర్దుకుని గడప దిగింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నిండు బిందెతో ఆ కొండ మెట్లు దిగడమంటే మాటలా? అవ్వ ఒకసారి దిగి చూస్తే తెలిసేది.

కొండమీది పాత కోట మొదటి వాకిలి దాటగానే అమ్మ అటూ ఇటూ చూసి బిందెను సీతాఫలం పొదలోకి తోసి, పైన ఆకులు కప్పింది.

"మీ అవ్వకు చెప్తివో, చూడు," అంది నాతో.

నాయన వినీ విననట్టు ముందుకు నడిచాడు.

దొన నిండుగా ఉంది. కింద మా పెంకుటిళ్లు, బస్టాండు, కనుచూపు మేర కాయలు పీకేసిన ఎర్రనేల. దొన అంచు వెంబడి చుట్టూ తిరగడమే మా షికారు. అమ్మ ముందు నడిచింది, నడుము పక్కకు పెట్టి, చెయ్యి వంచి, బిందె మోస్తున్నట్టే.

"మే, బిందె ఆడనే పెట్టొస్తివి గదా. ఇంకా నడుమెందుకు వంకర?" అన్నాడు నాయన.

అమ్మ నవ్వి చేతులు వదిలేసింది. ఇంకో చుట్టు చేతులు ఊపుకుంటూ తిరిగింది. తర్వాత అంచున కూర్చుని దోసిళ్లతో తలమీద నీళ్లు గుమ్మరించుకుంది. ఇంట్లో చెంబు చెంబూ చూసి వాడే మనిషి! ఆ రోజు అక్కడ తిన్న చిత్రాన్నం రుచి మళ్లీ నా చేతికి రాలేదు, ఎన్నిసార్లు వండినా.

ఖాళీ బిందెతో ఇల్లు చేరాం. అవ్వ అరుగు మీద కాయలు ఏరుతోంది.

"దొనలో నీళ్లు లేవత్తా," అంది అమ్మ.

అవ్వ తలెత్తి చూసింది. అమ్మ జడ ఇంకా తడిగానే ఉంది. అమ్మకిక కొండ లేదనుకున్నాను.

"తల తుడుచుకో, జలుబు చేస్తాది," అని అవ్వ మళ్లీ కాయల్లో పడింది.

మరుసటి ఏడు కొండకు బయలుదేరే పొద్దున, ఎవరూ చెప్పకముందే అమ్మ బిందె ఎత్తుకుంది. అవ్వ లేచొచ్చి దాన్ని ఆమె చంకలోంచి లాక్కుంది.

"దొనలో నీళ్లు లేవంటివి గదా. లేని నీళ్లకు బిందెందుకు? ఈడనే పెట్టి పో."

ఆ ఏడు అమ్మ మా వాకిలి నుంచే చేతులు ఊపుకుంటూ నడిచింది.