కమ్మరి గంబో పరిహాసం

గంబో నోరు మంచిది కాదని కత్సినాలోని తుడున్ మకేరా పేటలో అందరికీ తెలుసు. అక్కడ కవలల తర్వాత పుట్టిన బిడ్డకు గంబో అని పేరు పెడతారు. ఆ కవలలిద్దరూ నోట్లో నాలుక లేనివాళ్లు. వాళ్ల వాటా కూడా వీడే పట్టుకొచ్చాడని వాళ్లమ్మ అనేది. అరవై ఏళ్ల మనిషి, దాగలి ముందు కూర్చుని కొడవలి సాగగొడుతూ, వచ్చినవాడి తాతనీ పోయేవాడి ముత్తాతనీ కలిపి కడిగేసేవాడు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. నొచ్చుకుంటే పార సరిచేయించుకోవడానికి ఇంకో కొలిమి దాకా నడవాలి, అది దూరం.

గంబో హౌసా జాతి కమ్మరి. ఆ పేటలో కొలిమి ఎన్ని తరాలుగా మండుతోందో చెప్పేవాళ్లు లేరు. కత్సినాను పాత హౌసా రాజులు ఏలినప్పుడు గంబో పూర్వీకులు వాళ్లకు ఈటెలు చేశారు. రెండు వందల ఏళ్ల కిందట ఫులానీ జాతి పండితుడు షెహూ అనుచరులకు జెండాలు పంచి ధర్మయుద్ధం నడిపించాడు. రాజులు ఓడిపోయి ఉత్తరాన మరాదికి పారిపోయారు. రాజు పారిపోగలడు గాని కొలిమి ఎక్కడికి పోతుంది? గంబో పూర్వీకులు మర్నాటి నుంచి గెలిచిన ఫులానీలకు ఈటెలు చేశారు. ఈ సంగతి గంబో ఛాతీ విరుచుకుని చెప్పేవాడు.

"రాజ్యం ఎవడిదైనా బాణానికి మొన మాదే" అనేవాడు.

కొలిమి ముందు వేపచెట్టు కింద ఒక పెద్ద చాప ఉండేది. పొద్దున్నే నలుగురు చేరేవారు. రేడియో ఒకటి, సాబో టీ కెటిల్ ఒకటి, దేశం మొత్తం ఆ చాప మీదే నడిచేది. సాబో తూర్పున ఎక్కడినుంచో వచ్చి టీ అమ్ముకునేవాడు, మాటకారి కాదు. హబు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు, కాబట్టి మాటల లోటు అక్కడ తీరిపోయేది. పెద్దమనిషిని పిలిచే మర్యాదతో అందరూ అతన్ని 'మాలం' అనేవారు.

"ఉత్తరాదివాడని ఒకడికి ఓటేశాం, దక్షిణాదివాడని ఒకణ్ణి తిట్టాం. పెట్రోలు రేటుకి మాత్రం ఎవడు ఎటువాడో తెలీదు, పెరుగుతానే ఉంది" అనేవాడు హబు.

"రాజధానిలో, ఆ అబూజాలో ఉన్నోళ్లంతా ఒకటే కులం మాలం" అనేవాడు గంబో. "తినే కులం."

వారానికి రెండు రోజులు ఆ చాప మీదికి జుల్దే వచ్చేవాడు. జుల్దే ఫులానీ పశువుల కాపరి. ఊరికి గంట నడకలో వాళ్ల గుడిసెలు. భార్య కుంబో బజారులో పాలూ పెరుగూ అమ్ముకుంటుంటే, అతను కర్ర భుజాన అడ్డంగా వేసుకుని కొలిమి దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. ఫులానీకీ కమ్మరికీ మధ్య పరిహాసపు చుట్టరికం ఒకటుంది. మనవైపు బావామరదుల మేలమాడటం లాంటిదే గాని దానికంటే ముదురు. కమ్మరి కనబడితే ఫులానీ "నా బానిసా" అంటాడు. ఫులానీ కనబడితే కమ్మరి "ఆవుల దొంగా" అంటాడు. మాట పడ్డవాడు కాదనకూడదు, కోపం తెచ్చుకోకూడదు. ఒప్పేసుకుని, దానిమీద ఇంకొకటి వెయ్యాలి. కాదన్నవాడు ఓడినట్టు.

గంబో తండ్రి పోయినప్పుడు జుల్దే శవం ముందు దారికి అడ్డంగా పడుకున్నాడు. "నా బానిస నాకు చెప్పకుండా ఎక్కడికి పోతున్నాడు?" అని లేవనన్నాడు. తాంబూలంలా మర్యాదకిచ్చే కోలా కాయలు పిడికెడు చేతిలో పెట్టాకే లేచాడు. ఏడుస్తున్నవాళ్లంతా నవ్వారు, గంబో కూడా నవ్వాడు. తర్వాత సమాధిలోకి మట్టి తొయ్యడానికి అందరికంటే ముందు వంగింది జుల్దేనే. వాళ్లది ముప్పై ఏళ్ల స్నేహం. ఆ ముప్పై ఏళ్లలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నది లేదు.

ఆ తర్వాత చెడ్డకాలం వచ్చింది. అడవిలోంచి మోటారు సైకిళ్ల మీద బందిపోట్లు దిగేవారు. పశువులను తోలుకుపోయేవారు, మనుషులను ఎత్తుకుపోయేవారు. గంబో చెల్లెలి కొడుకును నలభై రోజులు అడవిలో ఉంచారు. తిరిగొచ్చినప్పుడు వాడి పాదాలకు చర్మం లేదు. ఎత్తుకుపోయినవాళ్లు ఫులానీ మాట్లాడారని వాడు చెప్పాడు. అదే బందిపోట్లు జుల్దే మందలోంచి కూడా పదకొండు ఆవులను తోలుకుపోయారు. ఆ సంగతి గంబోకి తెలుసు. తెలిసినా అది బుర్రలో ఒక మూలకు పోయింది, పాదాలు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి.

అదే సమయంలో ఫోన్లలో ఒక గొంతు తిరిగేది. ఎవడిదో తెలియదు. "హౌసావాడా, మేలుకో! రెండు వందల ఏళ్లుగా నీ నెత్తిన ఎవడు కూర్చున్నాడు?" అని మొదలయ్యేది. గంబో దాన్ని రోజుకు నాలుగుసార్లు వినేవాడు.

ఒక సంత రోజు పొద్దున చాప మీదివాళ్లకు ఆ గొంతే వినిపించి, గంబో సమ్మెట కింద పెట్టాడు.

"వాడన్న దాన్లో తప్పేముంది? ఏలింది వాళ్లు, మోసింది మనం. ఇప్పుడు అడవిలో మనల్నే ఏరుకు తింటున్నారు."

"మా నాన్న ఫులానీ" అన్నాడు హబు తాపీగా. "నాకేమో ఆ భాషలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. నన్నెక్కడికి తోలేస్తావ్ గంబో?"

"నువ్వెప్పుడో హౌసావైపోయావు మాలం. నే చెప్పేది అడవిలో ఉన్నోళ్ల సంగతి."

"అంటే జుల్దేనా?"

గంబో మళ్లీ సమ్మెట అందుకున్నాడు. చల్లారిన ఇనుము మీదే నాలుగు దెబ్బలు వేశాడు. చాప మీదివాళ్లు నవ్వారు. ఆ నవ్వు అతనికి పుండు మీద కారం చల్లినట్టయింది.

అంతలో జుల్దే రానే వచ్చాడు. నూరమని ఇచ్చిన కత్తి కోసం.

"ఏం బానిసా, నా కత్తి అయ్యిందా, అమ్ముకు తిన్నావా?"

"గోడ దగ్గరుంది, తీస్కో."

"ఏంట్రా, ఇవాళ నోట్లో కర్రు పెట్టుకున్నావా?"

అప్పటికీ గంబో నవ్వలేదు. జుల్దే కత్తి తీసుకుని పదును బొటనవేలితో చూసుకుంటున్నాడు. అదే సమయానికి కాపలాదళం కుర్రాళ్లు నలుగురు వచ్చారు. బందిపోట్లను ఎదుర్కోవడానికి పేటలవాళ్లు కట్టుకున్న దళం అది. ఈ నలుగురు పక్క జిల్లా నుంచి కొత్తగా వచ్చారు. వాళ్ల నాటు తుపాకులు బాగుచేసేది గంబోనే. పచ్చటోపీ పెట్టుకున్నవాడు వాళ్ల నాయకుడు. వాడి కళ్లు తుపాకుల మీద కాదు, కత్తి పట్టుకున్న ఫులానీ మీద పడ్డాయి.

"ఈ మనిషెవరు, పెద్దాయనా?"

గంబో నోట్లో మాట ముప్పై ఏళ్లుగా సిద్ధంగా ఉంది. "వీడా? నా బానిస. ఏడు తరాల ఆవుల దొంగ. కట్టేసి పట్టుకుపోండి, నాకూ పీడ వదుల్తుంది."

చాప అంతా గొల్లుమంది. జుల్దే కూడా నవ్వి, రివాజు ప్రకారం పైమాట వేశాడు.

"అవును, దొంగనే! కత్సినా మొత్తంలో నే కొట్టెయ్యని ఆవు లేదు. తాళ్లు కొయ్యడానికి కత్తి చేసిచ్చింది మాత్రం ఈ మసిమొహం బానిసే. వీణ్ణి కూడా కట్టండి!"

పచ్చటోపీ నవ్వలేదు. వాడు హౌసా బిడ్డే, పరిహాసమంటే వాడికి తెలుసు. కాని ఆ కాలంలో ఎవరినీ నమ్మకూడదని వాడికి నేర్పారు. వాడు గంబో వైపు తిరిగి, కొడుకు తండ్రిని అడిగినంత మర్యాదగానే అడిగాడు.

"పెద్దాయనా, నవ్వులాటకన్నావా, నిజంగా అన్నావా?"

పరిహాసమాడినవాడే ముడి విప్పాలి. పక్కవాడు విప్పితే చెల్లదు. అందుకే చాప మీద ఒక్కరూ నోరు తెరవలేదు, అందరూ గంబోనే చూశారు. జుల్దే కూడా పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ గంబోనే చూస్తున్నాడు. "నవ్వులాటే నాయనా" అంటే సరిపోయేది, అంతకంటే అక్కర్లేదు.

గంబోకి ఆ రెండు పాదాలు కనబడ్డాయి. ఫోన్లో గొంతు వినబడింది. 'ఒక్కసారి వీళ్లకీ భయమంటే ఏంటో తెలియనీ' అనిపించింది. ఆ అనిపించడంలో ఒక తీపి ఉంది. అది అతను తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతి. భయపడి ఊరుకుని ఉంటే కొంత నయం. అతను భయపడలేదు, అతనికి బాగుంది.

"నాకు పనుంది" అన్నాడు తిత్తి వైపు తిరిగి. "అతన్నే అడుక్కోండి."

జుల్దే ముఖంలో నవ్వు ఇంకా కొంచెం సేపు అలాగే నిలిచిపోయింది. వాళ్లు కత్తి లాక్కుని, చేతులు వెనక్కి కట్టేటప్పుడు కూడా అతను పెనుగులాడలేదు. తల తిప్పి గంబోని ఒక్కసారి చూశాడు, అంతే. దొంగనని తన నోటితోనే ఒప్పుకున్నవాడు ఇంకేం చెప్పుకుంటాడు?

హబు ఏదో గొణిగాడు. సాబో మాత్రం కెటిల్ దించి, నిప్పు మీద నీళ్లు పోసి, టోపీ పెట్టుకుని వాళ్ల వెనకే వెళ్లిపోయాడు.

తీపి ఎంతసేపుంటుంది? ఇనుము ఎర్రబడేలోపే విరిగిపోయింది. మధ్యాహ్నం నమాజుకు నిలబడితే గంబోకి ఎన్నిసార్లు వంగాడో లెక్క తప్పింది. వెళ్లి చెప్పాలి. కాని ఇప్పుడు వెళితే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు. కత్తి చేసిచ్చింది నువ్వేగా అంటారు. ఇలా ఒక్కో సాకూ వెతుక్కుంటూ ఎండ వాలేదాకా కూర్చున్నాడు. చివరికి లేచి దళం వాళ్ల గది ఉన్న వీధి మలుపు దాకా వెళ్లాడు. అప్పుడే సాబో జుల్దేని నడిపించుకుని బయటికి వస్తున్నాడు. టీ అమ్ముకునే ఆ పరాయి ఊరివాడు అతను దొంగ కాడని పేటపెద్ద ముందు ఖురాన్ మీద ప్రమాణం చేసి విడిపించాడు. జుల్దే పై పెదవి చిట్లింది. కుడిచేతి వేళ్లు రెండు పక్కకు వంగిపోయాయి. అది పాలు పితికే చెయ్యి.

గంబో ఆగి ఉన్న లారీ వెనక్కి తప్పుకున్నాడు. వాళ్లిద్దరూ పక్కనుంచి నడిచి వెళ్లిపోయేదాకా, అరవై ఏళ్ల మనిషి, చక్రం చాటున నక్కి ఉన్నాడు. తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. గంబో నోరు జారలేదు. తెరవాల్సిన చోట మూసుకుంది.

మూడు రోజులు ఇల్లు కదల్లేదు. నాలుగోరోజు కోలా కాయలు కొని, గంట దూరం నడిచి, జుల్దే గుడిసెల దగ్గరికి వెళ్లాడు. దారంతా ఒకటే కోరుకున్నాడు. జుల్దే తనను తిట్టాలి. కర్ర తీసుకు వెంటపడ్డా మంచిదే. కుక్క అననీ, బానిస అననీ. అంటే తను కూడా ఒకటి అంటాడు, అక్కడితో కలుస్తుంది.

జుల్దే కొత్త చాప పరిచాడు. వేళ్లకు గుడ్డ కట్టి ఉంది.

"రండి మాలం గంబో" అన్నాడు. "ఎండలో శ్రమపడ్డారు. ఇంట్లో అంతా క్షేమమా? మేనల్లుడి పాదాలు మానాయా?"

"మానుతున్నాయి" అన్నాడు గంబో. కుంబో రెండు చేతులతో సొరబుర్ర నిండా పాలు తెచ్చి, కళ్లెత్తకుండా అతని ముందు పెట్టింది.

గంబో కోలా కాయలు చాప మీద పెట్టాడు. "ఆ రోజు... నే చెప్పుండాల్సింది. చెప్పలేదు. క్షమించు."

"అల్లా రాసిపెట్టింది జరిగింది మాలం. క్షమించాను. నా మనసులో ఏం లేదు."

అందులో అబద్ధం లేదు. గంబోకి అది తెలిసింది. అందుకే ఇంకా భయం వేసింది. పాలబుర్ర చేతిలోకి తీసుకుని, బలవంతాన ఒక నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏరా ఆవుల దొంగా, ఇవి పాలా, చెరువు నీళ్లా?"

ఎవరూ నవ్వలేదు. కుంబో గుడిసెలోకి వెళ్లిపోయింది. జుల్దే తల కొంచెం వంచాడు.

"ఎండాకాలం కదండీ, పాలు పల్చబడ్డాయి" అన్నాడు. "తప్పుగా అనుకోకండి మాలం."

గంబో వంచిన తల ఎత్తకుండా పాలన్నీ తాగాడు. జుల్దే దారి మలుపు దాకా వచ్చి మర్యాదగా సాగనంపాడు.

సాయంత్రం చాప దగ్గర హబు అడిగాడు. "ఏమన్నాడు? క్షమించాడా?"

"క్షమించాడు."

"మరింకేం? బాగా తిట్టాడా?"

"లేదు" అన్నాడు గంబో. "మీరూ, అండీ అని మాట్లాడాడు."

సాబో గ్లాసులో పోస్తున్న టీ ఆపేశాడు.