రీస్టార్ట్ అంటే పడని బాబాయి

మా బాబాయి కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయడు. ఎవర్నీ చేయనివ్వడు. ఆయన ముందు ఆ మాటంటే, అప్పుడే నిద్రపోయిన పసిపిల్లని గిల్లి లేపమన్నట్టు చూస్తాడు.

"చెవి నొప్పంటే చెవి చూడాలి గానీ, మనిషి ప్రాణం తీసి మళ్లీ పోస్తారా?" అంటాడు.

చుట్టాల్లో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా పిలవకుండానే ప్రత్యక్షమవుతాడు. రెండు నిమిషాల్లో తేలే పనికి రెండు గంటలు తీసుకుంటాడు. "ఆ బల్ల కింద దూరినంత సేపు నాతో మాట్లాడితే, మా కాపురం ఇంకోలా ఉండేది" అని పిన్ని వాపోతుంది.

నా వంతూ వచ్చింది. ఆ రోజు పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ, అదీ కంప్యూటర్‌లోనే. పదిన్నరకి సౌండ్ పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. స్విచ్ మీద వేలు పెట్టానో లేదో, గుమ్మంలోంచి కేక.

"చెయ్యి తియ్యి తల్లీ!"

"బాబాయ్, అరగంటే ఉంది. రీస్టార్ట్ చేసేస్తా."

"అరగంటా? బోలెడు!"

వైరు పీకి పెట్టాడు. స్పీకర్‌కి చెవి ఆనించాడు. ఏదో జాబితా తెరిచి, "సౌండ్ పని చూసే ప్రోగ్రామ్ లోపల విడిగా ఉంటుంది. అదొక్కటీ ఆపి మళ్లీ నడిపిద్దాం" అన్నాడు. సౌండ్ వచ్చింది. ఊపిరి పీల్చుకునేలోగా పోయింది.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. రీస్టార్ట్!"

"ఉండవే! ఆ... దొరికింది దొంగ! కరెంటు ఆదా పేరుతో, పని లేనప్పుడల్లా సౌండ్ కార్డు కునుకు తీస్తోంది. ఆ టిక్కు తీసేశా. ఇక పడుకోదు."

పదకొండుకి నిమిషం తక్కువ. "వినబడుతోందా?" అన్నారు అవతలివాళ్లు. "వినబడుతోంది!" అని నేను అరిచిన అరుపుకి వాళ్లే వెనక్కి జరిగారు. ఉద్యోగం వచ్చింది. బాబాయి మీద కోపం మాత్రం పోలేదు.

వారం తర్వాత, ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఆయన పనిచేసే లైబ్రరీకి వెళ్లాను. కిటికీ పక్క కంప్యూటర్ ముందు చూపులేని పెద్దావిడ ఒకరు ఏదో రాస్తున్నారు. రిటైరైన టీచరట. ఆవిడ కొట్టే ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ పైకి చదువుతోంది. ఉన్నట్టుండి అది మూగబోయింది. ఆవిడ వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి.

"టీచరుగారూ, నేనే. మీరు రాసిందంతా అలాగే ఉంది. సౌండ్ ఒక్కటే పోయింది, చూస్తున్నా" అంటూ బాబాయి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

నేను పక్కనున్న లైబ్రేరియన్‌తో అలవాటుగా గొణిగాను. "రీస్టార్ట్ చేస్తే అయిపోదూ!"

"నాలుగేళ్ల కింద నేను అదే చేశానమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "ఆవిడ రాసుకున్న పదకొండు పేజీలూ పోయాయి. మళ్లీ రానన్నారు. మీ బాబాయి ఇంటికెళ్లి, ఇంకెప్పుడూ అలా జరగదని మాటిచ్చి తీసుకొచ్చాడు. అప్పటికి ఆయనకీ ఏమీ తెలీదు. చుట్టాలిళ్లకెళ్లి నేర్చుకున్నాడు."

అంటే ఇన్నాళ్లూ మా ఇళ్లల్లో ఆయన చేసింది రిపేరు కాదన్నమాట, ప్రాక్టీసు! నా ఇంటర్వ్యూతో సహా!

"ఎంత అన్యాయం బాబాయ్! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది తెలుసా..." అని అందుకున్నాను.

అంతలో కంప్యూటర్ గొంతు విప్పి, ఆవిడ ఆపిన మాట దగ్గరే అందుకుంది. టీచరుగారు తల నా వైపు తిప్పి చిరునవ్వు నవ్వారు.

"ఈ అమ్మాయెవరండీ? ఈవిడ సౌండ్ మాత్రం అస్సలు పోయేలా లేదే!"