అరవై రెండో పేజీ దగ్గర

నిన్న మార్కాపురంలో, నేను పాఠాలు చెప్పే బడిలో, పిల్లలు చినిగిన పుస్తకాలకు అట్టలు అతికిస్తున్నారు. ఉడికిన మైదా జిగురు వాసన గదంతా నిండింది. ఆ వాసనకు నాకు రాజేశ్వరక్క గుర్తొచ్చింది. గిద్దలూరులో నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆమె గ్రంథాలయంలో పుస్తకాలిచ్చేది. చినిగినవాటిని తనే జిగురు కాచి బాగుచేసేది.

మా ఊరు రాచర్ల నుంచి ఆటోలో కాలేజీకి వచ్చేదాన్ని. అమ్మ కూలికి పోయేది, నాయన మేకలు కాసేవాడు. మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి మనిషిని నేనే. అందుకే తెరిచిన పుస్తకాన్ని మధ్యలో వదిలేస్తే నా తెలివితక్కువతనం బయటపడుతుందని భయం. ఒకసారి లావుపాటి తత్వశాస్త్ర గ్రంథం తీసుకున్నాను. నాలుగు నెలలైనా ముందుకు సాగలేదు. తిరిగివ్వడానికి మొహం చెల్లక గ్రంథాలయానికి పోవడమే మానుకున్నాను. వేరే పుస్తకమూ ముట్టలేదు. ఒకరోజు అక్కే నన్ను ఆటోల దగ్గర పట్టుకుంది.

“ఏంది ఎస్తేరూ, కనపడకుండా పోయినావు?”

“పుస్తకం కాలేదక్కా. అరవై రెండో పేజీ కాడ ఉండాను.”

“నాలుగు నెలల నుంచి ఆడనే ఉండావా? నువ్వు దాన్ని చదవడం లేదు, మోస్తున్నావు.”

“వదిలేస్తే ఓడిపోయినట్టు కదక్కా?”

“ఎందుకు వదులుతున్నావో ఒక్క మాటలో చెప్పు. చెప్పగలిగితే వదిలెయ్. చెప్పలేకపోతే ఇంకో పది పేజీలు చదువు.”

“అందులో ఆకలయ్యే మనిషి ఒక్కరూ లేరక్కా” అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “అది చాలు, రేపు తెచ్చియ్” అంది.

మరుసటి ఏడాది నాయన పోయాడు. ఆ తర్వాత తీసుకున్న నవలలో ఒక తండ్రి మంచాన పడతాడు. అక్కడే ఆపి, “బాగలేదక్కా” అని బల్ల మీద పెట్టేశాను. ఆమె పుస్తకం తెరిచి, నేను మడిచిన పేజీ చదివింది.

“బాగలేదా, బాధగా ఉందా?”

నేను మడిచిన పేజీ మూలను వేలితో సరిచేయబోయాను.

“విసుగైతే వదిలెయ్. బాధైతే పక్కన పెట్టు. రెండూ ఒకటి కాదు” అని, దాన్ని తన సొరుగులో దాచింది. ఎనిమిది నెలల తర్వాత నేనే అడిగి తీసుకున్నాను. రెండు రోజుల్లో పూర్తిచేశాను. నాయన కోసం నేను తనివితీరా ఏడ్చింది ఆ రెండు రోజుల్లోనే.

తర్వాత అక్కకు జబ్బు చేసింది. అది ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నేను రోజూ సాయంత్రం ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని. ఒకనాడు చెయ్యెత్తి ఆపింది.

“చాల్లే ఎస్తేరూ. ఈయన చెప్పిందే చెప్తాండాడు. ఇంకోటి తీయి.”

“ఇంకా నలభై పేజీలే కదక్కా.”

“నాకిప్పుడు నలభై పేజీలంటే తక్కువా?”

సంచిలోంచి మూడు వందల పేజీల నవల తీశాను. పూర్తవదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. “మొదలుపెట్టు” అంది. ఐదు రోజులు విన్నది. నచ్చినచోట “మళ్ళీ చదువు” అంది. ఆరో రోజు అక్క లేదు.

మిగతా నవలను ఆ నెలలోనే ఒంటరిగా కూర్చుని, ఆఖరి పేజీ దాకా పైకే చదివాను. ఇప్పటికీ నచ్చిన పుస్తకాన్ని పైకే చదువుతాను. నచ్చనిదాన్ని తలెత్తుకుని తిరిగిచ్చేస్తాను.