పావురాలే ముందొచ్చాయి

"ఒరే సంటోడా, అన్నీ వచ్చీసాయిరా. నల్ల సుక్కలది కూడా వచ్చీసింది. నువ్వే ఇంకా రాలేదు. బేగి రా."

ఇదంతా ఒక్క గుక్కలో అనీసాను. అవతల మావోడు కాదు. ఎవరో పెద్దాయన గొంతు వినబడింది. "అమ్మా, ఈ ఫోను ఎవరిదమ్మా?" అన్నాడు. మా అబ్బాయిది, మీరెవరు బాబూ అన్నాను. రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు, "ఇంట్లో మగోళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వండమ్మా" అన్నాడు.

ఆ మాట విన్నాక ఇంక నాకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నేను మేడ మీద నిలబడి ఉన్నాను. పావురాలు నా కాళ్ళ దగ్గర గింజలు ఏరుకుంటన్నాయి.

ఎవరి పావురం ముందు ఇల్లు చేరుతాదో చూసే రేసుకి తయారు చెయ్యడానికని వాటిని శృంగవరపుకోట అవతల కొండల దగ్గర వదిలి, ఖాళీ బుట్ట బండి వెనకాల కట్టుకుని వస్తన్నాడట. లారీ గుద్దీసింది. అంతకన్నా రాయలేను. ఎప్పుడూ అంతే చేసేవాడు. వాడు అక్కడ వదిలితే, ఇక్కడ మేడ మీద నేను చూసి, వచ్చీసాయని ఫోను చెయ్యాలి. కార్తీకంలో ఆ రోజు కూడా నా పని నేను చేశాను.

మాది గరివిడి. మా ఆయనకి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పని. నేను పుట్టింది కళింగపట్నంలో, చేపలోళ్ళ ఇంట్లో. మా అమ్మ పడవ కనబడాలని పొద్దస్తమానం సముద్రం వైపు చూసేది. పెళ్ళై ఇక్కడికొచ్చాక నాకు ఆకాశం చూసే పని పడింది. మెడ నొప్పి అప్పట్నుంచీ ఉన్నాది.

పావురాల పిచ్చి మా మామగారిది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ గూటి వాసన నాకు పడేది కాదు. కొంగు అడ్డం పెట్టుకుంటే ఆయన నవ్వీవారు. "సేపల వాసనలో పుట్టిన గుంటకి ఇదొక వాసనేటి?" అనీవారు. ఆయన ఇంకొక మాట కూడా అనీవారు. "పావురాన్ని మనం పెంచుతన్నామనుకోకే. అది మన ఇంటిని ఒప్పుకుంటాదంతే." ఆయన పోయాక మా ఆయనకి, మా ఆయన్నుంచి మావోడికి అంటుకుంది. అందరికీ వాడు ఎదిగినోడు, నాకు మాత్రం ముప్పై దగ్గరికొచ్చినా సంటోడే.

వాడు కరెంటు పనులు చేసుకునేవాడు. పనిలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుని తిన్నగా మేడెక్కీసేవాడు. ఎక్కేటప్పుడు ఒకటే చొక్కా, భుజం దగ్గర చిరిగిపోయిన నీలం గళ్ళది. కొత్త రంగు చూస్తే పావురాలు బెదిరిపోతాయట. నా వంటింట్లో వెల్లుల్లి నిలవుండేది కాదు, రెబ్బలు చితక్కొట్టి వాటి నీళ్ళలో వేసీవాడు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, రెక్క విప్పి, ఎండకి ఎదురుగా పెట్టి చూసీవాడు. నేను పెట్టిన టీ చల్లారిపోయేది.

"ఇంక సంబంధాలెందుకురా, ఆ నల్ల సుక్కలదాన్నే కట్టుకో" అన్నాను ఒకసారి.

"దానికి మొగుడున్నాడే అమ్మా. గొడవలైపోతాయి" అన్నాడు, తల కూడా తిప్పకుండా.

పెద్ద తుఫాను వచ్చిన ఏడు గూటి మీద రేకులు ఎగిరిపోయాయి. తండ్రీకొడుకులిద్దరూ వానలో తడుస్తూ పావురాల్ని చొక్కాల్లో పెట్టుకుని కిందకి దించారు. మంచం మీద, బియ్యం డబ్బా మీద, దేవుడి పటాల మీద, ఎక్కడ చూస్తే అక్కడ పావురాలే. కరెంటు లేదు, పొయ్యి వెలగలేదు. మనం ఎక్కడ పడుకోవాలిరా అనడిగాను. "మనం కూకుందాం అమ్మా, అవి పడుకుంటాయి" అన్నాడు. నిజంగానే అలాగే కూర్చున్నాం.

వాడితో నాకు గట్టి దెబ్బలాట ఒక్క విషయంలోనే. గూట్లో పిల్లలున్న తల్లిని రేసుకి పంపేవాడు. పావురాలు గొంతులో ఊరిన పాలే పిల్లలకి పట్టిస్తాయి. "పాలు తాగే పిల్లల్ని ఒగ్గీసి దాన్ని రేసు లారీ ఎక్కిస్తావా? నీకు జాలి లేదేటిరా?" అని తిట్టేదాన్ని.

"పిల్లలున్న తల్లి దారిలో ఎక్కడా ఆగదమ్మా. నీళ్ళకి కూడా దిగదు. సూడు, అందరికంటే ముందు వస్తాది" అనీవాడు. వచ్చేది కూడాను. వచ్చి నావైపు చూడకుండా తిన్నగా పిల్లల మీదకి పోయేది.

దినాలయ్యాక మా ఆయన మేడ మెట్లెక్కడం మానీసాడు. డ్యూటీకి వెళ్ళడం, వచ్చి వీధి వరండాలో కుర్చీలో కూర్చోడం. పైనుంచి రెక్కల చప్పుడైతే రేడియో పెద్దది చేసీవాడు. "ఒసే, గూడు తీయించీ. ఎవుడడిగితే ఆడికిచ్చీ" అన్నాడు. ఎందుకు మావా అంటే, "ఆడి సేతిలో మొదటి పావురం పెట్టింది నానే గదే" అన్నాడు. రేడియో ఇంకా పెద్దది చేశాడు. కొడుకు ఎలాగూ పోయాడు. ఈయన్ని ఆ కుర్చీలోనే పోగొట్టుకుంటానేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆయన మాట కాదనలేక కొన్నింటిని బొబ్బిలిలో ఒకబ్బాయికి ఇచ్చాను. పెద్ద పావురాలు ఇస్తే ఉంటాయేటి? బాగానే మేపాడు పాపం. తలుపు తీసిన రోజే వచ్చి మా పిట్టగోడ మీద వాలాయి. ఆ అబ్బాయి ఫోన్ చేసి, "పిన్నీ, అక్కడికొచ్చాయేటి?" అన్నాడు. "వచ్చీసాయి నాయినా, అన్నీ వచ్చీసాయి" అన్నాను. నా మాట నా చెవినే పడి ఫోను పెట్టీసాను. మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

శివరాత్రి ముందు వాడి స్నేహితులొచ్చారు. ఇది రాయమన్న మీలో ఉన్నోళ్ళే. "పిన్నీ, నల్ల సుక్కలది పిల్లల మీదున్నాది. రాజమండ్రి అవతల్నుంచి రేసు. ఆడి పేరున పంపుదాం" అన్నారు. నాకు ఇష్టం లేదు. దారిలో డేగలుంటాయి. అది కూడా రాకపోతే ఆ పిల్లల మొహం నేనెలా చూడాలి? మా ఆయన వైపు చూశాను. మొహం వీధి వైపు తిప్పుకున్నాడు. వాడే ఉంటే పంపీసి ఉండేవాడు. తీసుకెళ్ళండి బాబూ అన్నాను. ధైర్యమొచ్చి అన్నది కాదు. కాదనడానికి ఓపిక లేక అన్నాను.

రేసు రోజున మా మేడ మీద అందరూ చేరారు. చీపురుపల్లి పావురం వచ్చిందని ఒక ఫోను, విజయనగరంలోది వచ్చిందని ఇంకొక ఫోను. మాది లేదు. మధ్యాన్నం దాటింది. ఎండ ఫ్యాక్టరీ గొట్టం పక్కకి దిగింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోడం లేదు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మా ఆయన. గోడ పట్టుకుని మెల్లగా ఎక్కుతున్నాడు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. "ఎదురుగాలిరా. ఆలీసమవుతాది" అన్నాడు. తర్వాత గూట్లోకి దూరి పిల్లనొకదాన్ని చేతిలోకి తీసుకుని, గొంతు కింద సంచీ తడిమి చూశాడు. "మేత పడిందే. అయ్య మేపుతన్నాడు. ఈటిల్లో మగదానిక్కూడా పాలుంటాయే" అని నాకే చెప్పాడు, ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఉండి నాకు తెలీనట్టు. అన్ని మాటలు ఆయన నోట విని నెలలైంది. నేను ఊఁ కొట్టాను.

అది ఆ రోజు రాలేదు. మర్నాడు పొద్దున్న వచ్చింది, తోక సగం లేదు. డేగ పట్టి వదిలినట్టుంది. అప్పటికి బహుమతులూ అవీ అయిపోయాయి. మా ఆయన దాన్ని గుండెకి పట్టుకుని, "ఏటే, ఇప్పుడా రావడం? ఇల్లు మర్సిపోనావేటి?" అని తిడుతున్నాడు. నేను అక్కడ ఉండకూడదనిపించి కిందకి దిగీసాను. ఇప్పుడు రోజూ పైకి వెళ్తన్నాడు. నవ్వుతున్నాడని చెప్పను. వెళ్తన్నాడు, అంతే.

వాడి గురించి మీ పావురాలోళ్ళ పుస్తకానికి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. చదువు తక్కువదాన్ని, తోచింది రాశాను. రేసు నాటి సంగతి ఒకటి మిగిలింది, అది చెప్పి ఆపుతాను. ఆ రోజు మీకోసం ఎండు చేపల పులుసు పెట్టి అన్నం వార్చాను. "ఉండు పిన్నీ, అది వచ్చాక తింటాం" అన్నారు. పిలవగా పిలవగా అన్నం గట్టిపడిపోయింది. ఆఖరికి సాయంత్రం మా ఆయనే, "నాను సూస్తాను, మీరు తినండ్రా" అని కంచాలు పెట్టించాడు. అప్పుడైనా కంచంలోకి చూశారా? చెయ్యి నోటి దగ్గర, కళ్ళు పైన. పులుసు మోచేతుల దాకా కారిపోతోంది.

మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు గిన్నె మీద మూత పెట్టి కూర్చునుంటారు బాబూ. పావురం వచ్చినప్పుడు వస్తాది. మీరు వేళకి ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తినండి.