అన్నం తిన్నవాళ్ల కాగితం

నా చిన్నప్పుడు ఎల్బీనగర్ అవతల మా ఊరి గుట్టను అడగడానికి ఒకాయన వచ్చాడు. మర్యాదగానే అడిగాడు. షామియానా వేయించి, మటన్ కూరతో భోజనం పెట్టించి, గుట్టలో రాయి తీయడం మీద ఊరి అభిప్రాయం చెప్పమన్నాడు. అప్పటికే గుట్టంతా సున్నం గీతలు గీసి ఉన్నాయి. మా అభిప్రాయం మీద ఆయనకు బాగా నమ్మకం ఉన్నట్టుంది.

గుట్ట కిందే మా నాయనమ్మ రెండెకరాలు, బావి. పేలుళ్లకు ఊట తప్పిపోతుందని ఆమె భయం. లేచి ఆ మాటే అడిగితే, తప్పకుండా ఆలోచిస్తామన్నాడు. ఏం ఆలోచిస్తాడో చెప్పలేదు.

చేతులు కడుక్కునే చోటే బల్ల వేసి కాగితం, ఇంకు డబ్బా పెట్టారు. కడుపు నిండా తిని వేలిముద్ర వేయకుండా వెళ్లడం మావాళ్లకు మర్యాద అనిపించలేదు. తడి చేతులు తుడుచుకుని ఒక్కొక్కరే వేస్తున్నారు. నాయనమ్మకు చదువు రాదు కాబట్టి, చదువుకున్నవాళ్లకు రాని అనుమానం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ బడిలో నాలుగో తరగతి చదివే నన్ను ముందుకు తోసింది.

"పైన ఏం రాసిన్రు బిడ్డా?"

"ఏం లేదు నాయనమ్మా. ఖాళీగుంది."

"హాజరు పట్టీ అమ్మా. మీరొచ్చారని గుర్తు, అంతే," అన్నాడాయన.

"అట్లనా? అయితే గదే రాపిద్దాం." బల్ల మీది పెన్ను నా చేతిలో పెట్టింది. "పెద్దగ రాయి బిడ్డా. వీళ్లంతా అన్నం తిన్నరు. గుట్ట ఇస్తమనలే."

రాశాను. జనం నవ్వారు. ఆయనా నవ్వి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత నా మీదికి వంగి, "నీ పేరేంటమ్మా? ఎవరమ్మాయివి?" అని అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నాయనమ్మ నవ్వు అక్కడే ఆగింది.

ఆ వారమే ఆయన మనుషులు కొత్త కాగితంతో ఇల్లిల్లూ తిరిగారు. ఈసారి పైన వివరంగా రాసే ఉందట. చదివే వ్యవధి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మా గడప తొక్కనే లేదు. అయినా అందులో నాయనమ్మ పేరు పక్కన ఎవరిదో వేలిముద్ర పడి ఉందని తర్వాత తెలిసింది. నాయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మొదటి కాగితం సంగతి చెబితే, అసలు అలాంటిదేదీ లేదన్నారు.

మొదటి పేలుడుకు ఇంట్లో గిన్నెలు కదిలాయి. ఆ ఎండాకాలానికి బావిలో బురద మిగిలింది.

ఇప్పటికీ ఎవరైనా ఆప్యాయంగా నా అభిప్రాయం అడిగితే, ముందు కాగితం పైభాగం చూస్తాను. నా మాట అందులో రాస్తాను. అంతవరకు నాయనమ్మ నేర్పింది. నకలు చేతికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవను. అది ఆ బావి నేర్పింది.