అక్క పాలకు కావలసిన నాచు

ఇప్పటికీ అద్దంలా తళతళలాడే చెరువు కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గట్టున కూర్చోలేను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా అక్క పురిటికి పుట్టింటికి వచ్చింది. అమలాపురం దగ్గరి మా ఊళ్ళో, కొబ్బరితోట మధ్య మాకో పెరటి చెరువుండేది. బాలింతకు పాలు పడాలంటే మట్టగిడస చేపల పులుసు పెట్టాలి. అందుకని ఇంట్లో పురుడుందంటే ముందునుంచే ఆ చెరువులో వల వెయ్యడం మానేసేవాళ్ళం.

మా బాబాయి పట్నంలో కొన్నాళ్ళుండి వచ్చినవాడు. "పసిబిడ్డకి ఈ పాచినీళ్ళేంటి?" అని కూలీలను దింపి, నాచూ తూడూ వేళ్ళతో సహా లాగించాడు. గేదెలు దిగకుండా దడి కట్టించాడు. వెనకింటి దొడ్డమ్మగారి చెరువును మురిక్కూపమన్నాడు.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. ఎండను తిని బతకగలిగేది ఆకూ నాచూ మాత్రమే. నాచునూ, నీళ్ళలో దిగిన గేదెలు వేసే పేడనూ పురుగు తింటుంది. పురుగును పరిగె అనే చిన్నచేప, పరిగెను మట్టగిడస. తిన్నదంతా ఒంట పట్టదు కూడా, ఈదడానికీ బతకడానికీ చాలామటుకు ఖర్చయిపోతుంది. ఒక్క చేప ఒళ్ళు చెయ్యాలంటే అడుగున ఎంత నాచు ఉండాలి! బాబాయి ఆ అడుగునే ఊడ్చేశాడు.

అక్క ఆడపిల్లను కన్నది. వల వేస్తే పడిన చేపలన్నీ తలకాయలే; వెనక ఒళ్ళు పుల్లలా ఉంది. పిల్ల రొమ్ము పట్టేది, వదిలేసేది, గుక్కపట్టి ఏడ్చేది. ఆవుపాలు పోస్తే కక్కేసింది. అమ్మ గదిలోకీ వసారాలోకీ తిరుగుతూనే ఉంది. నేనూ అంతే.

నాయనమ్మ బాబాయిని పట్టుకుంది. "నీళ్ళు కడిగేవు గదరా! ఆ నీళ్ళే తాగించు దానికి!"

చివరికి బాబాయి బుట్ట పట్టుకుని దొడ్డమ్మగారి గుమ్మంలోకి వెళ్ళాడు. తోడు నేనున్నాను.

"వదినగారూ, నాలుగు మట్టగిడసలు ఇప్పిస్తారాండీ?"

"మా మురిక్కూపంలోవాండీ మరిదిగారూ? కంపు కొడతాయేమోనండీ!"

"ఆయ్... అన్నానండీ. తప్పేనండీ."

"పట్టుకెళ్ళండి. అమ్మాయికోసం ఇస్తన్నాను, మీ మొహం చూసి కాదు. రేపూ రండి."

ఆయన రోజూ వెళ్ళాడు. కొన్నాళ్ళకు అక్కకు పాలు పడ్డాయి. పిల్ల కడుపునిండా తాగి, మొదటిసారి ఏడవకుండా నిద్రపోయింది.

ఆ మధ్యాహ్నమే బాబాయి దడి పీకేశాడు. గేదెలు గట్టుమీదే మొరాయించాయి. అదిలించాడు, తోశాడు, తిట్టాడు. ఆఖరికి ఇస్త్రీ పంచెతోనే నడుంలోతు నీళ్ళలోకి దిగి, "రండే తల్లీ, రండి" అని వాటిని బతిమాలసాగాడు.