టిఫిన్ పెట్టిన ఇళ్లన్నీ మావే

ముప్పై నిండని ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తెలియనివి రోజుకొకటి బయటపడుతున్నాయి గాని, అప్పట్లో హెచ్-వన్ వీసా మీద షికాగో శివార్లలో దిగి, ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాసుకుంటూ, ఎక్సెల్ షీటులో ఇమడని సమస్య లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. పెళ్లి సంబంధాలకు కూడా ఒక షీటు ఉండేది (అందులో ఒక్క అమ్మాయి కూడా నన్ను ఒప్పుకోలేదు, అది వేరే సంగతి). అటువంటి నా చేతిలో ఒక పెద్దాయన తన ఎన్నికను పెట్టారు. రెండు వేల ఏడు ప్రాంతంలో, అరోరా పట్టణాన్ని ఆనుకుని ఉన్న మా చిన్న ఊరి కౌన్సిల్లో మా వార్డు సీటు కోసం జరిగిన ఎన్నిక అది.

ఆయన్ని మేమందరం డాక్టరంకుల్ అనేవాళ్లం. పంతొమ్మిదివందల డెబ్బైల్లో గుంటూరు నుంచి వచ్చి, రైలు పట్టాలకు అవతల పాత పేటలో పిల్లల క్లినిక్ పెట్టి, ముప్పయ్యేళ్లు నడిపి, రిటైరయ్యాక ఇవతల మా కొత్త కాలనీల వైపు ఇల్లు కట్టుకున్నారు. పాత పేటలో పిల్లలు బడికి నడిచి వెళ్లడానికి కాలిబాట లేదు. చలికాలం మంచు పక్కకు తోసి గుట్టలు పోస్తే, ఆ గుట్టలకూ కార్లకూ మధ్య ఒకరి వెనక ఒకరు నడిచేవారు. దాని గురించి అంకుల్ కౌన్సిలుకు రాసిన ఉత్తరాలు ఒక ఫైలు నిండా ఉండేవి. ప్రతిదానికీ మర్యాదగా ధన్యవాదాలు చెబుతూ జవాబు వచ్చేది. బాట మాత్రం రాలేదు. ఒక ఆదివారం భోజనాల తర్వాత ఆయన మాతో అన్నారు: "ముప్పయ్యేళ్లుగా ఇక్కడ ట్యాక్స్ కడుతున్నానయ్యా. ఇప్పటికీ ఎవరైనా కొత్తగా పరిచయమైతే మీదే దేశం అనే అడుగుతారు. ఒక్కసారి ఆ కౌన్సిల్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆ సైడ్‌వాక్ కోసం నా చెయ్యి ఎత్తాలని ఉంది. అంతకంటే నాకేం వద్దు." ఆంటీ వంటింట్లోంచి "ఓడిపోతే రేపు నలుగురిలో తిరగాల్సింది కూడా మీరే, అది గుర్తుపెట్టుకోండి" అన్నారు. ఓడిపోవడమేమిటి, నేనుండగా, అనుకుని లాప్‌టాప్ తెరిచాను.

ఎదుటి మనిషి హార్డ్‌వేర్ షాపు పెట్టుకున్న ఒక సౌమ్యుడు. రెండుసార్లు గెలిచి సీట్లో ఉన్నవాడు. "సిటీ హాల్లో ఓటర్ల లిస్ట్ ఇస్తారట, తెచ్చుకుందామా?" అని అంకుల్ అడిగారు. "ఎందుకంకుల్, మనవాళ్ల లిస్ట్ మన దగ్గరే ఉందిగా" అన్నాను. నా ఉద్దేశంలో అది ఉగాది పాట్‌లక్‌కి ఎవరు పులిహోర తెస్తారో, ఎవరు పేపరు ప్లేట్లు తెస్తారో రాసుకునే ఈమెయిల్ జాబితా. నూట నలభై కుటుంబాలు. ఇంటికి రెండేసి ఓట్లు వేసుకున్నా చాలు, మా ఊరి ఎన్నికల్లో పడే ఓట్లే తక్కువ కాబట్టి అవతలివాడు కొట్టుకుపోతాడు. "మరి పాత పేటకి కూడా ఒకసారి వెళ్లొద్దామా?" అన్నారాయన కాస్త మొహమాటంగా. "అక్కడ మనవాళ్లెవరున్నారంకుల్? టైమ్ వేస్ట్" అని కొట్టిపారేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "నీకు తెలుసు కదా, నువ్వెలా అంటే అలా" అన్నారు. ఆ క్షణంలో ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలియదు, నేను కీబోర్డు చూస్తున్నాను.

ఆ తర్వాత ఆరు వారాంతాలు నేనూ అంకులూ ఇంటింటికీ తిరిగాం. అమెరికావాళ్ల ఇళ్లయితే గుమ్మంలోనే రెండు ముక్కలు మాట్లాడి పంపేస్తారు గాని, మనవాళ్లు పెద్దాయన్ని గుమ్మంలో ఎలా నిలబెడతారు? "రండంకుల్, కూర్చోండి, చెప్పులు పర్లేదు, కాఫీ తాగుతారా, అయ్యో టిఫిన్ చేయకుండా ఎలా వెళతారు?" ఈ మర్యాదలన్నిటినీ నేను ఓట్ల కింద మార్చే పద్ధతి ఒకటి కనిపెట్టాను. కాఫీ ఇచ్చిన ఇల్లు షీటులో పసుపు రంగు, అంటే బహుశా. టిఫిన్ పెట్టిన ఇల్లు ఆకుపచ్చ, అంటే ఖాయం. తిన్నది చాలక బాక్సులో కట్టి కూడా ఇస్తే ముదురు ఆకుపచ్చ, అంటే కుటుంబమంతా మన వెంటే. అంకుల్‌కి షుగరు కాబట్టి పార్టీ తరఫున మైసూర్‌పాకుల బాధ్యత నాది. ఆ నెలన్నరలో నేను రెండు సైజులు పెరిగాను, షీటు అడవిలా పచ్చబడింది. "మీకు కాక ఇంకెవరికి వేస్తామంకుల్?" అని ప్రతి ఇంట్లోనూ అన్నారు. నేను రెండువందల పాతిక దగ్గర లెక్క ఆపాను, మరీ ఎక్కువైతే అవతలివాడి మీద జాలిపడాల్సిన స్థితి వస్తుందని. అంకుల్ రాత్రుళ్లు కూర్చుని గెలుపు ఉపన్యాసం రాసుకున్నారు. అందులో మొదటి మాట కాలిబాట గురించే.

ఎన్నిక రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. మాకు ఇడ్లీ, వడ, ఉప్మా మూడూ పెట్టిన ఇంటాయన. "బాబూ, ఓటేయడానికి ఎక్కడికెళ్లాలి? గ్రీన్‌కార్డ్ చూపిస్తే సరిపోతుందా?" అన్నాడు. ఇక్కడ పౌరులకే గాని గ్రీన్‌కార్డువాళ్లకు ఓటుండదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. కాన్ఫరెన్స్ రూములో తలుపేసుకుని ముదురు ఆకుపచ్చ ఇళ్లన్నిటికీ వరుసగా ఫోన్లు చేశాను. సగం మంది నాలాగే హెచ్-వన్. మిగిలినవాళ్లలో ఎక్కువమంది గ్రీన్‌కార్డుల కోసం లైన్లో ఉన్నవాళ్లు, లేదా వచ్చినవాళ్లు. పౌరసత్వం ఉన్న నలుగురైదుగురిలో ఇద్దరు ఓటరుగా పేరే రాయించుకోలేదు, ఒకరి ఇల్లు రోడ్డుకి అవతల వైపుండి వేరే ఊరి లెక్కలోకి వెళ్లింది. ఒకావిడ అయితే ఫోనెత్తి, "మేం టెక్సస్‌లో ఫ్రిస్కోకి మూవ్ అయిపోయాం కదా నాన్నా" అంది. "మరి ఆ రోజు చెప్పలేదేం ఆంటీ?" అంటే, "పెద్దాయన అంత ఆశగా అడుగుతుంటే మొహం మీద ఎలా చెప్తాం?" అంది. నిజమే, ఆ ఇంటి హాల్లో అట్టపెట్టెలు నేను చూశాను. కొత్త టీవీ కొన్నారేమో అనుకున్నాను. ఇంతకీ, ఆ నెలన్నరలో 'మీకు ఓటుందా' అన్న ప్రశ్న నా నోట ఒక్కసారి కూడా రాలేదు. ఓటు లేని నేనే ఓట్లు లెక్కపెడుతున్నప్పుడు అది వింతగా తోచలేదు మరి.

సాయంత్రం అంకుల్ ఇంటికి వెళ్లేసరికి ఆంటీ అరవై మందికి వండి ఉంచారు. ఆకుపచ్చ ఇళ్లవాళ్లందరూ వచ్చారు, పట్టుచీరలతో. ఫలితాలు కౌంటీ వెబ్‌సైట్లో పోలింగ్ కేంద్రాల వారీగా వచ్చాయి. మా కాలనీల కేంద్రంలో అంకుల్‌కి పదకొండు ఓట్లు. గదిలో అరవై మంది ఉండి, పదకొండు! అందరూ పప్పులో గరిటె వైపు చూశారు. నేను ఇక దాచలేక అందరి ముందే జరిగింది చెప్పేశాను. అంకుల్ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరగా జరిగి, "ఈ కింద కేంద్రం ఏదయ్యా?" అన్నారు. అది పాత పేటది. అక్కడ ఆయనకు హార్డ్‌వేరు ఆయనకంటే రెట్టింపు వచ్చాయి. మొత్తం మీద ముప్పై ఎనిమిది ఓట్లతో ఓడిపోయారు. ఆ ముప్పై ఎనిమిది ఎక్కడ దొరికేవో గదిలో అందరికీ అర్థమైంది. నేనెక్కడికి వెళ్లి మొహం దాచుకోవాలో తెలియలేదు.

మర్నాడు ఉదయం అంకులే ఫోను చేసి, "కారు తీసుకురా, థాంక్స్ చెప్పాల్సినవాళ్లున్నారు" అన్నారు. పాత పేటలో మొదటి తలుపు తట్టగానే చంటిదాన్ని ఎత్తుకున్న ఒక మెక్సికన్ అమ్మాయి "డాక్టర్!" అని ఒక్క కేక పెట్టి, మోచెయ్యి పైకెత్తి చూపించింది. ఎనిమిదేళ్లప్పుడు చెట్టు మీంచి పడితే ఆయనే కట్టు కట్టారట. ఓటు వేశానంది. వాళ్లమ్మ కూడా వేసిందంది. తర్వాత కొంచెం నిష్ఠూరంగా, "మీ నాన్నగారు మా వీధికి రాలేదేం? మా అక్కావాళ్లు, మీకు మా అవసరం లేదేమో అనుకుని ఓటుకి వెళ్లలేదు" అని నాతో అంది, నేను ఆయన కొడుకుననుకుని. నేను నోరు తెరిచేలోగా అంకుల్, "తప్పు నాదేనమ్మా" అని ఇంగ్లీషులో అని, పాప అరికాలు పట్టుకుని చూసి, వ్యాక్సిన్లు సరిగ్గా వేయిస్తున్నావా అని అడిగారు.

తిరిగి వస్తూ కార్లో నేను సారీ చెప్పబోతే ఆపేశారు. "నువ్వు మనవాళ్లెవరని లిస్ట్ రాశావు, అంతే. అది చదివి ఊఁ అన్నది నేను. ముప్పయ్యేళ్లు వీళ్ల పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాణ్ణి, వీళ్లు నన్ను మర్చిపోయి ఉంటారనుకున్నాను చూడు." అని కిటికీలోంచి బయటకు చూస్తూ చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు. ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు. ఆయన మళ్లీ నిలబడలేదు. ఆ పై ఏడే గుండె ఆపరేషను అయింది, ఆంటీ ఒప్పుకోలేదు. ఆ టేబుల్ దగ్గర ఆయన చెయ్యి లేవలేదు.

ఇప్పుడు నాకూ పౌరసత్వం వచ్చింది, ఓటు వచ్చింది, జుట్టు పోయింది. ఎవరైనా పెద్ద లెక్కలు చూపిస్తే ముందు ఎక్కడ తప్పుందా అని వెతికేంత తెలివి కూడా వచ్చింది. చేతిలో లాప్‌టాప్, పొట్టనిండా మైసూర్‌పాకులతో ఆ వీధుల్లో తిరిగిన కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని కోపం రాదు. పెట్టింది తిన్నాడు, అన్నది నమ్మాడు, ఒక మంచిమనిషిని గెలిపిస్తున్నాననుకుని ఆరు వారాలు హాయిగా నిద్రపోయాడు. నేనిప్పుడు ఎవర్నీ అంత సులువుగా నమ్మను. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, అయినా ఒక్కోసారి వాడి నిద్ర నాక్కావాలనిపిస్తుంది.